మొదటి మైల్స్

ఆపరేషన్ చేయించుకోవాలంటే ధైర్యం ఉండాలనుకుంటారు గానీ, లాస్ ఏంజెలెస్‌లో అంతకన్నా ముందు మనిషి ఉండాలి. మత్తు దిగాక ఇంటికి తీసుకెళ్లే మనిషి. టాక్సీ పనికిరాదు, స్టూడియో కారు డ్రైవరూ పనికిరాడు. మనవాళ్లనేవాళ్లు ఒకరు వచ్చి, కాగితం మీద సంతకం పెట్టి, దగ్గరుండి తీసుకెళ్లాలి. అటువంటి మనిషి లేకపోతే ఆపరేషన్ లేదు పొమ్మంటారు. ఈ సంగతి మేవిస్ హాల్వర్సన్‌కి అరవై అయిదో ఏట తెలిసింది.

మేవిస్‌కి నా అన్నవాళ్లు లేరంటే దేశంలో సగం మంది ఆడవాళ్లు నవ్విపోతారు. ముప్పై ఏళ్లుగా ప్రతి మధ్యాహ్నం రెండు గంటలకి 'లాంటర్న్ బే' సీరియల్లో అగస్టా ట్రెమేన్ ఆవిడే. ఆ రేవులో ఓడలన్నీ అగస్టావే. ఆరు పెళ్లిళ్లు చేసుకుంది, నలుగురు మొగుళ్లని సాగనంపింది. అందులో ఒకణ్ణి రెండుసార్లు పాతిపెట్టాల్సొచ్చింది, మొదటిసారి పోయినవాడు కవల తమ్ముడని ఏడాది తర్వాత తేలింది కాబట్టి. కొడుకు మైల్స్, ఇద్దరు కోడళ్లు, తప్పిపోయి దొరికిన కూతురు, జైల్లో ఉన్న మరిది, అదొక పెద్ద సంసారం. మేవిస్ కూరగాయల కొట్టుకి వెళ్తే ముక్కూమొహం తెలియని ఆడవాళ్లు దగ్గరికొచ్చి, "ఆ చిన్నకోడల్ని నమ్మకు తల్లీ, నీ విల్లు మార్పించేస్తోంది" అని చెవిలో చెప్పి వెళ్తారు.

స్టూడియో గేటు దాటితే మాత్రం ఆమెకి ఇల్లే తోడు. నిజం పెళ్లి ఒక్కటే చేసుకుంది. బాండులో బూర ఊదేవాడు, మూడేళ్లుండి ఇంకో బాండుతో వెళ్లిపోయాడు. నార్త్ డకోటాలో ఒక అక్క ఉండేది. రెండు చలికాలాల కిందట ఆవిడా పోయింది. సెలవు రోజుల్లో మేవిస్ పొద్దున్నే మొహం కడుక్కుని, పౌడరు రాసుకుని, వంటింట్లో కూర్చుని సోమవారం చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకునేది. సోమవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే మనిషి ఆ ఊళ్లో ఆమె ఒక్కతే అయ్యుంటుంది.

ఏప్రిల్లో ఆమె గొంతు జీరపోవడం మొదలైంది. జలుబనుకుంది, తేనె తాగింది. మే నెలకి మాట సగంలో తెగిపోసాగింది. స్వరతంతువు మీద శనగబద్దంత కణితి ఉందన్నాడు డాక్టరు. చెడ్డది కాదు, కోసి తీసేస్తే పోతుందన్నాడు. అగస్టా అంటేనే గొంతు. కోడలికి ఫోన్లో "గుడ్ ఆఫ్టర్నూన్, డియర్" అంటే చాలు, అవతల కోడలికేమో గానీ ఇంట్లో చూసేవాళ్లకి చెమటలు పట్టేవి.

ప్రొడ్యూసర్ టేట్ ఆమెని గదికి పిలిపించాడు.

"మేవిస్, నువ్వు మా అందరికీ అమ్మలాంటిదానివి," అని మొదలుపెట్టాడు.

అలా మొదలైన మాట ఎటు పోతుందో మేవిస్‌కి తెలుసు. టేట్ కన్నా ముందు ముగ్గురు ప్రొడ్యూసర్లు అదే కుర్చీలో కూర్చుని, ఒక్కొక్కరినీ ఇలాగే అమ్మా నాన్నా అని పిలిచి ఇంటికి పంపించారు.

"అసలు సంగతి చెప్పు," అంది.

"మూడు వారాలు అగస్టాని స్విట్జర్లాండ్ పంపిస్తాం. గుండె చూపించుకోవడానికి. జూన్ పద్నాలుగున తిరిగొచ్చే సీను. నీ గొంతు బాగుంటే నువ్వు తిరిగొస్తావు."

"బాగుండకపోతే?"

టేట్ బల్ల మీది కాగితాలు సర్దాడు. "అగస్టా మాత్రం తిరిగొస్తుంది," అన్నాడు.

కాగితాల కింద ఒక ఫొటో అంచు కనిపించింది. ఎవరో అరవై ఏళ్లావిడ, వెండి జుట్టు, అగస్టా లాగే పైకి దువ్వుకుంది. అంటే అప్పుడే వెతికి పెట్టుకున్నారన్నమాట. ఈ సీరియళ్లలో ఆచారమే అంత. పాత్ర చావదు, మనిషి మారతాడు. ఒకరోజు సీను మొదలవగానే తెర వెనక నుంచి ఒక గొంతు, "ఈ రోజు నుంచి ఫలానా పాత్రలో ఫలానా వారు" అంటుంది. అంతే, అయిపోయింది. చూసేవాళ్లు మొదటి వారం ఉత్తరాలు రాసి తిడతారు, రెండో వారం గొణుగుతారు, మూడో వారానికి పాత మొహం ఎలా ఉండేదో మర్చిపోతారు. ఇంట్లో వాళ్లయితే అసలేమీ గమనించనట్టే ఉండాలి. కొత్తవాళ్లని పాతవాళ్లలాగే కౌగిలించుకోవాలి. కాస్త తడబడినా మళ్లీ తీస్తారు.

డాక్టరు షరతు ఇంకొకటుంది. కోసిన తర్వాత పది రోజులు మౌనవ్రతం. "ఒక్క మాట కూడా వద్దమ్మా. గుసగుస కూడా వద్దు. దగ్గు వచ్చినా మింగెయ్యాలి. పచ్చిపుండు మీద ఒక్కసారి గట్టిగా అరిచారా, చిరిగిందాన్ని కుట్టడానికి నా దగ్గర రెండో బట్ట లేదు," అన్నాడు.

మౌనంగా ఉండడం మేవిస్‌కి కష్టమేమీ కాదు. ఇంట్లో మాట్లాడ్డానికి ఎవరున్నారు కనక. తీసుకెళ్లే మనిషిని వెతకడమే కష్టమైంది.

సెట్లో అందరూ ఆమెని అమ్మా అనే పిలుస్తారు. పెద్దకోడలిని అడిగితే, "అయ్యో అమ్మా! ఆ రోజు నాకు కోర్టు సీను, ఉరిశిక్ష వేస్తారు, ఎలా కదలను?" అంది. మేకప్ ఆవిడకి ఆ వారం సెలవు, హవాయి వెళ్తోంది. ఏజెంటు పూలు పంపిస్తానన్నాడు. పూలు సంతకం పెట్టవు కదా. చివరికి కొడుకు మైల్స్ వేషం వేసే ట్రెంట్ ముందుకొచ్చాడు. "అమ్మా, నేనుండగా నీకు బెంగేంటి? పదకొండింటికల్లా అక్కడుంటా," అని భుజం చుట్టూ చెయ్యేశాడు. అందగాడు, మంచివాడు, ఏ మాటైనా కెమెరా వైపు తిరిగి చెప్పే అలవాటు ఒక్కటే లోపం. ఇతను మూడో మైల్స్.

ఆపరేషన్ రోజు పొద్దున ఆరింటికి గ్లెన్‌డేల్‌లో ఆ చిన్న ఆసుపత్రికి టాక్సీలో వెళ్లింది. రావడానికి టాక్సీ పనికొస్తుందట, పోవడానికే పనికిరాదు. లోపల కోరా అనే నర్సు, మనీలా నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినావిడ, మేవిస్‌ని చూసి చేతిలో ట్రే కింద పడేసినంత పని చేసింది.

"అగస్టా! దేవుడా! నేను రోజూ టేపు మీద రికార్డు చేసుకుని డ్యూటీ దిగాక చూస్తానమ్మా. మా ఆయన అన్నం అడిగినా సరే, మీరు అయ్యాకే!"

ఆ సంబరంలోనే ఫారం తీసి నింపడం మొదలెట్టింది. వయసు, మందులు, పడని తిండి.

"ఇంటికెవరు తీసుకెళ్తారు?"

"మా అబ్బాయి."

"పేరు?"

"మైల్స్ ట్రెమేన్," అంది మేవిస్.

కోరా గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. మైల్స్ ట్రెమేన్, కొడుకు. రాసినావిడకి గానీ చెప్పినావిడకి గానీ అందులో తప్పేమీ కనబడలేదు. ఇద్దరికీ మైల్స్ చిన్నప్పటి నుంచీ తెలిసినవాడే మరి. మూడు పొరల కాగితం మీద నొక్కి రాసి, కింద ముద్ర వేసింది కోరా.

కళ్లు తెరిచేసరికి పదకొండు దాటింది. గొంతులో ఎవరో గరిటె పెట్టి గీకినట్టు మంట. ఆమె ఒళ్లో చిన్నపిల్లల పలక, ఒక సుద్దముక్క ఉన్నాయి. మాట్లాడాలనిపిస్తే రాయమన్నారు. పదకొండున్నర అయ్యింది, పన్నెండు అయ్యింది. ట్రెంట్ రాలేదు. ఒంటిగంటకి కోరా మొహం మాడ్చుకుని వచ్చింది.

"మీ అబ్బాయి ఫోన్ చేశాడమ్మా. ఏదో సీను తెగడం లేదట, రాలేడట. 'అమ్మకి నా ముద్దులు చెప్పండి' అన్నాడు. ముద్దులు నేనెక్కడ చెప్పను? తల్లికి కోసి కుట్టి కూర్చోబెడితే సీనేంటి, సీను!" గొణుక్కుంటూ మంచం దుప్పటి లాగి సర్దింది. "అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని ఊరికే అన్నారా."

మేవిస్ పలక మీద 'టాక్సీ' అని రాసింది. కోరా తల అడ్డంగా ఊపింది. సాయంత్రం అయిదింటికి ఆ వార్డు మూసేస్తారు. అప్పటికి ఎవరూ రాకపోతే పెద్దాసుపత్రికి మార్చి, అక్కడ తెలియని డాక్టర్ల చేతిలో పడుకోబెడతారు. అక్కడ ప్రతివాడూ వచ్చి పేరేంటి, నొప్పుందా అని అడుగుతాడు, సమాధానం చెప్పేదాకా వదలడు. గొంతు ఏమైపోతుందో అని మేవిస్‌కి భయం పట్టుకుంది. జూన్ పద్నాలుగు అన్న తేదీ తలలో గిర్రున తిరుగుతోంది.

రెండింటికి వార్డులో మూలనున్న టీవీలో 'లాంటర్న్ బే' మొదలైంది. కోరా ఆగి చూసింది. తెర మీద, వారం కిందట తీసిన సీనులో, అగస్టా మెట్లు దిగుతోంది. కింద మైల్స్ చేతులు చాచి నిలబడ్డాడు.

"అదుగో, చూడండి ఆ దొంగమొహం! ఇక్కడికి రమ్మంటే రాడు గానీ అక్కడ మాత్రం..."

మాట అక్కడ ఆగిపోయింది. కోరా టీవీని చూసింది, మేవిస్‌ని చూసింది, చేతిలో ఫారాన్ని చూసింది. మెల్లగా వచ్చి మంచం అంచున కూర్చుంది.

"అమ్మా," అంది గొంతు తగ్గించి, "మైల్స్ నిజంగా లేడు కదా?"

మేవిస్ తల ఊపింది. తప్పు రాయించానన్న సిగ్గు ఒకటి. అది తప్పని అంతదాకా తనకే తట్టకపోవడం ఇంకో సిగ్గు. ఆ రెండోదే ఎక్కువ కాల్చింది.

"ఇంకెవరన్నా ఉన్నారా? ఎవరైనా సరే. పక్కింటివాళ్లు? చర్చివాళ్లు?"

మేవిస్ సుద్దముక్క తీసుకుంది. మత్తు పూర్తిగా దిగని చెయ్యి దానంతటదే ఒక నంబరు రాసింది. ఏడంకెలు, తడుముకోకుండా. పద్నాలుగేళ్ల పాటు ప్రతి సాయంత్రం ఏడింటికి తిప్పిన నంబరు. ఆ తర్వాత ఒక్కసారి కూడా తిప్పలేదు.

"ఎవరిది?"

'మైల్స్' అని రాసింది.

"మళ్లీనా!" అంది కోరా.

మేవిస్ దాని ముందు 'మొదటి' అని చేర్చింది.

కోరా నోటి మీద చెయ్యేసుకుంది. "ఉంగరాల జుట్టు పిల్లాడు! నేనీ దేశం వచ్చిన కొత్తలో ఆ పిల్లాడి మాటలు విని ఇంగ్లీషు నేర్చుకున్నానమ్మా!" అంటూ ఫోను దగ్గరికి పరిగెత్తింది.

అద్దం వెనక కోరా మాట్లాడుతోంటే మేవిస్ చూస్తూ కూర్చుంది. ఆ నంబరులో ఇప్పుడెవరున్నారో, అసలు మోగుతుందో లేదో. మోగినట్టే ఉంది. కోరా ఏదో అడిగింది, విని తల ఊపింది. పెట్టేసి వచ్చి, "వస్తున్నాడు. రీసిడాలోనే ఉన్నాడట, అరగంట అన్నాడు," అంది.

అరగంట దూరం. మేవిస్ ఇంటి నుంచైతే ఇరవై నిమిషాలే.

వచ్చినవాడికి ముప్పై మూడేళ్లుంటాయి. ఉంగరాల జుట్టు ముందువైపు రాలిపోయింది. నిక్కరు, ఎండకి కాలిన మోకాళ్లు, ఒళ్లంతా ఈతకొలనుల్లో కలిపే మందు వాసన. చొక్కా జేబు మీద 'పకెట్ పూల్ సర్వీస్' అని కుట్టుంది. గుమ్మంలో ఆగి మేవిస్‌ని చూశాడు. నవ్వలేదు.

"సంతకం ఎక్కడ పెట్టాలి?" అని కోరాని అడిగాడు.

కోరా ఫారం ఇచ్చింది. అతను చదివాడు. మైల్స్ ట్రెమేన్ అన్న పేరు కొట్టేసి, పైన తన పేరు రాశాడు. పక్కనున్న 'కొడుకు' అన్న మాట మీద కూడా కలం పెట్టబోయాడు.

"ఇంకేం కొట్టెయ్యకండి బాబూ, మూడు కాపీలవి. ఇప్పటికే గజిబిజి చేశారు," అంది కోరా.

దాంతో అది అలాగే ఉండిపోయింది.

అతని ట్రక్కులో వెనక గొట్టాలు, పొడుగాటి కర్రల జాలీలు, ప్లాస్టిక్ డ్రమ్ములు. సీటు మీది రసీదులు తీసి ఆమెకి చోటు చేశాడు. బెల్టు పెట్టాడు. ఫ్రీవే ఎక్కాడు.

"మీరు మాట్లాడకూడదట కదా," అన్నాడు అప్పుడు. "బాగుంది. నా చిన్నప్పుడంతా మీరు చెప్పారు, నేను విన్నాను. ఇవాళ నా వంతు."

మేవిస్ పలక మీద ఏదో రాయబోయింది.

"రాయకండి. నేను చూడను, బండి నడుపుతున్నాను."

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"శుక్రవారం ప్రొడ్యూసర్లొచ్చి చెప్పారు నాకు, ఇక రావద్దని. డెబ్భై తొమ్మిదిలో. షూటింగ్ అయ్యాక, జోళ్లు విప్పుకుంటోంటే. 'నువ్వు చాలా మంచి కుర్రాడివి, కానీ మైల్స్‌కి ఇప్పుడు ప్రేమ కథ వస్తోంది, నీ మొహం ప్రేమకి సరిపోదు' అన్నారు. పంతొమ్మిదేళ్లు నాకు. అదెలాంటి మాటో ఆలోచించండి. సర్లే, వాళ్లని నేనేమీ అనను. ఆ మొహంతోనే పెళ్లీ చేసుకున్నా, విడాకులూ తీసుకున్నా."

లారీ ఒకటి దాటుకుపోయింది. అతను దానికి దారిచ్చాడు.

"ఇంటికెళ్లి ఫోను పక్కన కూర్చున్నా. ఏడింటికి మీరు చేస్తారుగా రోజూ, మాటలు వల్లె వేయించడానికి. మాటలు లేకపోయినా చేస్తారనుకున్నా. శనివారం కూర్చున్నా, ఆదివారం కూర్చున్నా. మా అమ్మ ఊరుకోలేక, 'ఆవిడకి ఏదో పనిపడుంటుందిరా' అంది. వారం రోజులు అదే మాట అంది పాపం. మీకేం పనిపడింది?"

పనిపడిన మాట నిజమే. ఏడింటికి కొత్త మైల్స్‌కి ఫోన్ చేసేది, మాటలు వల్లె వేయించడానికి. మొదటి రోజు చెయ్యి రీసిడా నంబరు మీదికే పోయింది. మూడంకెలు తిప్పి పెట్టేసింది. ఏం మాట్లాడాలో రాసిచ్చినవాళ్లు లేరు. రేపు చేద్దామనుకుంది. రేపటికి ఇంకా కష్టమైంది. నెల తిరిగేసరికి, ఇప్పుడు చేస్తే ఏమనుకుంటాడో అన్న భయం పట్టుకుంది. ఆ తర్వాత దాన్ని తలుచుకోవడమే మానేసింది. చెయ్యాల్సిన ద్రోహమంతా అలా వాయిదాల మీద చేసింది.

"కొత్తవాడు వచ్చిన రోజు నేనూ మా అమ్మా టీవీ ముందు కూర్చున్నాం," అన్నాడతను. "ఆ గొంతు వచ్చింది, 'ఈ రోజు నుంచి మైల్స్ ట్రెమేన్ పాత్రలో' అని. తలుపు తెరుచుకుంది. వాడు పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. మీరు మెట్లు దిగొచ్చి, 'నా బంగారం వచ్చాడు' అని పట్టుకున్నారు. నన్ను పట్టుకున్నట్టే. ఎడమ చెయ్యి మెడ వెనక పెట్టి. నేనేం చూశానో తెలుసా? ఒక్క క్షణం ఆగుతారేమోనని చూశా. వాడి మొహం చూసి ఒక్క క్షణం. ఎవరికీ తెలియకుండా. నాకు తెలిసేది. ఆగలేదు మీరు."

ఆ సీను ఒక్క టేకులో అయింది. డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. మేవిస్ ఆ రోజు ఇంటికి గర్వంగా వెళ్లింది. ఇప్పుడు ట్రక్కు కిటికీ వైపు మొహం తిప్పుకుని ఏడ్చింది. ఏడుపుకి చప్పుడు రాకూడదని స్కార్ఫు చివర నోట్లో కుక్కుకుంది. అతను చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

కాసేపటికి గొంతు కొంచెం మెత్తబడింది.

"ఆ నర్సు 'మైల్స్ ట్రెమేన్ ఉన్నారా' అంది. ఠక్కున 'నేనే' అన్నా. అని సిగ్గుపడ్డా. మా అమ్మ పోయి అయిదేళ్లయింది. ఆ ఫోనులో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. 'పూల్ అబ్బాయి ఉన్నాడా' అంటారు. మీరు పద్నాలుగేళ్లు మైల్స్ అన్నారు. అసలు నా పేరు మీకు తెలుసా?"

తెలుసు. అతన్ని అయిదేళ్లవాడిగా తీసుకొచ్చినప్పుడు సీరియల్ నేరుగా ప్రసారమయ్యేది. పిల్లాడు తికమకపడి అందరి ముందూ 'నా పేరది కాదు' అంటాడేమోనని, గేటు లోపల ఎవరూ అసలు పేరు పలకకూడదని డైరెక్టరు ఆజ్ఞ. మేవిస్ దాన్ని గేటు బయట కూడా పాటించింది, ఫోన్లోనూ పాటించింది. ఆ పేరు ఒక్కసారి కూడా ఆమె నోట రాలేదు.

స్టూడియో సిటీ అనే పేటలో మేవిస్ ఇల్లు రెండో అంతస్తు, బయటి మెట్లు. అతను చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. తాళం తీశాడు. సోఫాలో కూర్చోబెట్టి, మందులు వరసగా బల్ల మీద పెట్టాడు. ఫ్రిజ్ తెరిచి చూసి, "సగం నిమ్మకాయ, నాలుగు పండ్ల కేకులు," అన్నాడు. అభిమానులు పంపిన కేకులవి. గోడ మీద ట్రెమేన్ కుటుంబం ఫొటో ఉంది. ఏటా క్రిస్మస్‌కి స్టూడియో కొత్తది పంపిస్తుంది, అదే చట్రంలో పాతదాని మీద పెట్టేస్తుంది మేవిస్. అతను దాని ముందు కొంచెంసేపు నిలబడ్డాడు.

"నేనెక్కడో అడుగునుంటాను," అన్నాడు.

మేవిస్ పలక మీద 'నన్ను క్షమించు' అని రాసి ఎత్తి పట్టుకుంది. ఈసారి అతను చదివాడు.

"అగస్టా ఇంతకన్నా బాగా చెప్పేది," అన్నాడు. చెడ్డగా అనలేదు. అలిసిపోయినట్టు అన్నాడు. "ఇరవైనాలుగ్గంటలు ఎవరన్నా తోడుండాలని రాసుంది కాగితంలో. పక్కింటావిడ వస్తుందా?"

మేవిస్ తల ఊపింది. నిజానికి పక్కింటావిడ పేరు కూడా ఆమెకి తెలియదు.

"సరే అయితే. ఇంకా మూడు కొలనులున్నాయి నాకు. మందు వేళకి వేసుకోండి." గుమ్మం దగ్గర ఆగాడు. "ఇక చూస్తాను మిమ్మల్ని. టీవీలో."

తలుపు మూసుకుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు కిందికి దిగుతోంది. మేవిస్ సోఫాలో కూర్చుని వింది. పది రోజులు ఇలాగే కూర్చుంటే గొంతు వస్తుంది. గొంతు వస్తే పద్నాలుగున మెట్లు దిగుతుంది, ట్రెంట్ చేతులు చాస్తాడు, ఇంకో పదేళ్లు సోమవారాలుంటాయి. పక్కనే పలక ఉంది. రేపు ఉత్తరం రాయొచ్చు. గొంతొచ్చాక ఫోన్ చెయ్యొచ్చు. రేపు చేద్దాంలే అన్న ఆ మాట తన లోపల్నుంచే వినబడేసరికి మేవిస్‌కి ఒళ్లు జలదరించింది.

లేచింది. కళ్లు తిరిగాయి, గోడ పట్టుకుంది. పలక తీసుకుని వరండాలోకి వచ్చింది. అతను అప్పటికే రోడ్డు దాటి, ట్రక్కు వెనక జారిన గొట్టాన్ని చుట్టి కడుతున్నాడు, వీపు ఇటువైపు. పలకని కమ్మీకేసి కొట్టింది. రోడ్డు మీద కార్ల మోతలో అది ఎవరికీ వినిపించలేదు. ఇంకోసారి కొట్టింది, పలక పగిలింది. అతను గొట్టం కట్టడం అయిపోయి చేతులు నిక్కరుకి తుడుచుకుని, తలుపు తీశాడు.

"వెండెల్!"

అది అగస్టా గొంతు కాదు. మేవిస్ గొంతూ కాదు. పాత గుడ్డ పర్రున చిరిగినట్టుంది. నోట్లో ఉప్పగా నెత్తురు తగిలింది. కార్ల మోత దాటుకుని వెళ్లింది గానీ.

అతను తిరిగాడు. తలుపు అలాగే వదిలేసి, కార్లని కూడా చూసుకోకుండా రోడ్డు దాటి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ తిట్టడం మొదలుపెట్టాడు.

"పిచ్చా నీకు? మాట్లాడొద్దన్నారా లేదా? ఇప్పుడు పోతుంది గొంతు, పోతే ఏం చేస్తావ్? నోరు మూసుకో! ఇంకొక్క మాట మాట్లాడితే చూడు!"

గొంతు ఎటూ పోయిందని ఆమెకి తెలిసిపోయింది. అతను పై మెట్టు మీదికి వచ్చేదాకా ఆగి, మొహంలోకి చూసి, ఇంకోసారి పిలిచింది.